ఎడమ కాలి మడత

హొసకోటె పాత బస్టాండు వెనక సందులోకి వెళ్లి వెంకటరమణప్ప టైలరింగు దుకాణం ఎక్కడని అడిగితే, "ఏది, సైకిల్ అప్పదా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన భార్య సత్యభామకు నవ్వొస్తుంది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఊళ్లో సగం మందికి ప్యాంట్లు కుట్టాడు ఆయన. ఆ కుట్టుపని తేలేని పేరును యాభై దాటాక కొన్న పాత సైకిల్ తెచ్చిపెట్టింది. పేరు దేనివల్ల వస్తేనేం, మనిషి సంతోషంగా ఉన్నాడు కదా అని ఆమె సర్దిచెప్పుకుంటుంది.

ఆ సంతోషం విలువ ఆమెకు బాగా తెలుసు. సైకిల్ రాకముందు ఆ ఇంట్లో రోజులు ఎంత బరువుగా గడిచాయో ఆమె మరిచిపోలేదు. మెయిన్ రోడ్డు మీద రెడీమేడ్ బట్టల దుకాణాలు వరసగా లేచాక, గుడ్డ తెచ్చి కొలతలిచ్చే మనుషులు పలచబడిపోయారు. కొన్న ప్యాంటు పొడుగైందని కింద మడిపించుకునేవాళ్లు మాత్రం మిగిలారు. వెంకటరమణప్ప మిషను ముందు కూర్చుని, చక్రం మీద చెయ్యి పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టడం ఆలస్యమైతే అడిగేవాడు కాదు. "కత్తెర పట్టే పనే లేదుమే. అంతా కింద మడిచేదే అయిపాయ" అని ఒకరోజు అన్నాడు. కోప్పడే మొగుడితోనైనా వేగొచ్చుగానీ, ఇట్లా బేజారుగా కూర్చునే మొగుడితో ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

ఆదివారం పొద్దున హొసకోటెకు బిర్యానీ తినడానికి వైట్‌ఫీల్డ్ నుంచి సాఫ్ట్‌వేరు పిల్లలు సైకిళ్ల మీద గుంపులుగా దిగుతారు. అంత దూరం తొక్కి కరిగించిన ఒళ్లంతా బిర్యానీతో మళ్లీ పూడ్చుకుని పోతారు. ఆ గుంపులో వర్షిణి అని గుంటూరు వైపు అమ్మాయి ఒకతె, జెర్సీ జిప్పు ఊడిందని దుకాణం తలుపు తట్టింది. వెంకటరమణప్ప జిప్పు మార్చడంతో ఊరుకోక, చంక కింద ఒరుసుకుంటున్న కుట్టును కూడా విప్పి సరిచేసి ఇచ్చాడు. మరుసటి ఆదివారం ఆ పిల్ల స్నేహితులను వెంటబెట్టుకొచ్చింది. సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే బిగుతు నిక్కర్లకు లోపల కూర్చునే చోట మెత్త ఉంటుంది. ఆ మెత్తలు మార్చడం, నడుములు వదులు చేయడం అలా ఆయన పనైంది. గుంపులో ఫయాజ్ అనే అబ్బాయి కొత్త సైకిల్ కొనుక్కుంటూ, వంకర కొమ్ముల హ్యాండిలున్న తన పాత సైకిల్‌ను ఈయనకు చవగ్గా ఇచ్చేశాడు.

మొదటి ఆదివారం చింతామణి దారిలోని హెచ్ క్రాస్ దాకా తొక్కి వచ్చి, చెమటలు కారుతూ పీట మీద కూర్చుని, "ఇంకో ముద్ద వెయ్యిమే" అన్నాడు వెంకటరమణప్ప. రాగిముద్దను ఆయన నోరు తెరిచి అడిగి ఎన్నాళ్లయిందో! సత్యభామ ముద్ద వేసి, పులుసు పోసి, వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇక ఆయన వృత్తి మర్యాద ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. టైలరు టేపు పెట్టాడంటే మనిషి వంకరలన్నీ ఆయనకు తెలిసిపోతాయి. ఒకరికి ఒక భుజం దిగి ఉంటుంది, ఇంకొకరికి వెన్ను గూనిగా వంగి ఉంటుంది. వెంకటరమణప్ప ఏ ఒక్కరికీ ఆ సంగతి చెప్పడు. దిగిన భుజం లోపల రెండు పొరలు గుడ్డ ఎక్కువ పెట్టి, చొక్కాను తిన్నగా నిలబెట్టి, "నీకేమప్పా, గీత గీసినట్టుండావు" అని పంపేస్తాడు. వాళ్లు అద్దంలో చూసుకుని రొమ్ము విరుచుకుని పోతారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు సత్యభామ అడిగింది, అబద్ధం చెప్పేదెందుకని.

"ఆయప్ప భుజం వంకరని ఆయప్పకు చెప్తే నాకేమొస్తాది? చొక్కాకు చెప్తే చాలుమే" అన్నాడు ఆయన.

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. నాటుకోవడానికి ఆమె కారణం ఆమెకుంది. ఆ ఇంట్లో కత్తెర పని ఆయనది, చేతికుట్టు పని ఆమెది. కాజాలు, గుండీలు, ప్యాంటు కింద మడతలు ఆమే కుట్టేది. పెళ్లయిన మొదటి ఏడే ఆమె ఒకటి గమనించింది. ఆయన ప్యాంట్లన్నిటికీ ఎడమ కాలి మడత మాత్రం నేలకు రాసుకుని పీచులు లేస్తోంది. కుడిది కొత్తదానిలా ఉంటోంది. ఒక మధ్యాహ్నం ఆయన చాప మీద గుర్రుపెడుతుంటే, ఆయన టేపే తీసుకుని ఆయన రెండు కాళ్లూ కొలిచింది. ఎడమ కాలు అర వేలి మందం పొట్టి. నమ్మలేక మళ్లీ కొలిచింది. ఊరందరినీ కొలిచే మనిషిని ఒక్కరూ కొలవలేదు, తనను తాను కొలుచుకోవడానికి వంగితే టేపు జరిగిపోతుంది. ఆయనకు ఆ సంగతి తెలియనే తెలియదు.

చెప్పాలనుకుంది. కానీ "చూడుమే, నా ఒళ్లు, దేవుడు టేపు పెట్టి కత్తిరించినట్టుండాది" అని ఆయన అద్దం ముందు మురిసిపోతుంటే నోరు రాలేదు. ఆయన మర్యాదే ఆయనకు చేసింది. అప్పటినుంచి ప్యాంటు ఎడమ కాలిని అర వేలు ఎక్కువ మడిచి కుట్టడం మొదలుపెట్టింది. "చూసినావా నా కటింగు?" అని ఆయన అడిగితే, "చూసినానప్పా, నీకేమి" అనేది. అలా ఏళ్లు గడిచిపోయాయి. కొన్ని సంగతులు మొదటి రోజు చెప్పకపోతే తర్వాత చెప్పడానికి రోజు దొరకదు.

సైకిల్ వచ్చాక ఆ అర వేలు మళ్లీ లేచి కూర్చుంది. కాలి లోపలి కొలతను బట్టి సీటు ఎత్తు పెట్టాలని ఎవరో చెప్పగానే, వెంకటరమణప్ప పొంగిపోయాడు. కొలతలు ఆయనకు ఒకరు నేర్పాలా! గోడకు ఆనుకుని నిలబడి, కుడికాలి వెంబడి టేపు దించి, లెక్క వేసి, సీటు బిగించి, సీటు కింది గొట్టం మీద బట్టల మీద గీసే చాక్‌తో గీత గీశాడు. "బ్రహ్మ వచ్చి చెప్పినా ఈ గీత మారదు" అని ప్రకటించాడు. దగ్గరి దూరాలకు ఏమీ తెలియలేదు. దూరం పెరిగేకొద్దీ ఎడమవైపు నడుము పట్టేయడం మొదలైంది. నొప్పని ఒప్పుకుంటే ఆయన వెంకటరమణప్ప ఎందుకవుతాడు? గాలి ఎదురుగా ఉందనేవాడు, రోడ్డు బాగాలేదనేవాడు, ముందురోజు తిన్న వంకాయ పడలేదనేవాడు.

సత్యభామ మజ్జిగ సీసాలు పెట్టుకుని స్కూటీ మీద వెనకాలే పోయేది. ముందున్నవాడికి కనబడనిది వెనక వచ్చేవాళ్లకు కనబడుతుంది. ఎడమ పెడలు కిందికి పోయినప్పుడల్లా ఆయన తుంటి అటు జారుతోంది, కాలి మునివేళ్లు పెడలును వెతుక్కుంటున్నాయి. ఇంటికొచ్చి నిక్కరు ఉతికితే లోపలి మెత్త ఒకవైపే అరిగి ఉంది. ప్యాంటు మడత చెప్పిన మాటనే నిక్కరు మళ్లీ చెబుతోంది, వినే దిక్కు ఆమె ఒక్కతే.

ఏటా చలికాలంలో గుంపు మదనపల్లెకు తొక్కుతుంది, నూరు కిలోమీటర్ల పైమాటే. మదనపల్లె సత్యభామ పుట్టినూరు. ఆ ఏడు ఇంటి అల్లుడు కూడా సైకిల్ మీద వస్తున్నాడని ఆమె తమ్ముడు మునినారాయణప్ప వీధంతా చాటింపు వేశాడు. తీరా సగం దారిలో చింతామణి చేరేసరికి అల్లుడికి నడుము బిగుసుకుపోయింది. సైకిల్ దిగి, మళ్లీ ఎక్కలేక, గుంపు సంచులు తెచ్చే టెంపోలో సైకిల్ పక్కన సైకిల్‌లా కూర్చుని వెనక్కి వచ్చాడు.

ఆ సాయంత్రం మునినారాయణప్ప ఫోను చేశాడు. "ఏం బావా, నీకోసరం కోడి కోసి పెట్టుకోనుంటే రాకపోతివే. బస్సు చార్జీ పంపించేదా?"

బావమరిది ఎగతాళికి నవ్వేసే మనిషే వెంకటరమణప్ప. ఆ రోజు నవ్వలేదు. "వచ్చే ఏడు ఒక్కసారి చూస్తా. చింతామణి దాటలేదా, సైకిల్ ఫయాజ్‌కే తిరిగిచ్చేస్తా. ఈ వయసులో నాకెందుకు ఈ ఆటలు" అన్నాడు. ఫోను పెట్టేసి పోయి మిషను ముందు కూర్చుని, చక్రం మీద చెయ్యి పెట్టుకుని, రోడ్డు వైపు చూశాడు. ఆ చూపు సత్యభామకు తెలిసిన చూపే.

ఏడాదంతా తొక్కాడు. నొప్పి మాత్రం తగ్గలేదు. చలికాలం దగ్గరపడుతుండగా ఒక ఆదివారం వర్షిణి దుకాణానికి వచ్చింది. "అంకుల్, మీరొకసారి బైక్ ఫిట్ చేయించుకోండి. వైట్‌ఫీల్డ్‌లో చేస్తారు. మనల్ని సైకిల్ మీద కూర్చోబెట్టి, వీడియో తీసి, సీటూ హ్యాండిలూ మన బాడీకి తగ్గట్టు సెట్ చేస్తారు."

"నన్ను ఇంకొకరు కొలిచేదా?" అని వెంకటరమణప్ప టేపును మెడలో సర్దుకున్నాడు. "నా కొలత తప్పంటావా పాపా?"

వర్షిణి నవ్వేసి లేచింది. వెళ్లేటప్పుడు గుమ్మం బయట సత్యభామను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "ఆంటీ, అంకుల్ వెనకే నేను చాలాసార్లు రైడ్ చేశాను. బాగా ఒకవైపుకి ఊగుతున్నారు. ఆయనకి ఒక కాలు పొట్టి ఏమో, ఎప్పుడైనా చూపించారా?"

ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాటను ఎవరో చేతిలో పెట్టి అడిగినట్టయింది సత్యభామకు. అటూ ఇటూ చూసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఎవురికీ చెప్పొద్దు తల్లీ. ఎడమది అర వేలు పొట్టి. ఆయప్పకు తెల్దు. తెలిస్తే కుమిలిపోతాడు" అంది.

"అయ్యో ఆంటీ, ఇది చాలామందికి ఉంటుంది. ఎడమ పాదం కింద కొంచెం మందం పెట్టి, సీటు ఒక పిసరు దించితే చాలు."

"అంతేనా?" అంది సత్యభామ. చీర కుచ్చిళ్లు సర్దుకున్నంత తేలిగ్గా అయిపోయే పనికి ఏడాదంతా దిగులుపడ్డానా అనిపించింది.

అయితే అంత తేలిగ్గా అవలేదు. కాలరు గట్టిగా నిలబడటానికి లోపల వేసే గుడ్డను బక్రం అంటారు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా సత్యభామ బక్రం ముక్కలు పొరలుగా పేర్చి కుట్టి, ఎడమ బూటు అడుగు పొర కింద మడమ దగ్గర దూర్చింది. నడిచే మనిషికి మడమ ఎత్తితే కాలు ఎత్తినట్టే కదా! ఆదివారం ఆయన వెనకే పోయి చూస్తే, తుంటి ఎప్పటిలాగే జారుతోంది. పైగా ఆయన ఇంటికొచ్చి, "ఈ బూటు కరుస్తాండాదిమే" అని విసిరికొట్టాడు. ఆమె వర్షిణికి రహస్యంగా ఫోను చేసింది. ఆ పిల్ల పడిపడి నవ్వి, "ఆంటీ, పెడలుని మడమతో తొక్కరు కదా, పాదం ముందు భాగంతో తొక్కుతారు. అక్కడ పెట్టాలి" అంది. ఇన్నాళ్లు వెనకాల పోయి ఏం చూశానా అని సత్యభామ నెత్తి కొట్టుకుంది.

పాతది తీసేసి మళ్లీ కుట్టింది. ఈసారి పాదం ముందు భాగానికి సరిపడా కత్తిరించి, వేళ్లకు తగలకుండా అంచులు పలచగా జార్చి, చొక్కా కాలరుకు కుట్టినంత శ్రద్ధగా కుట్టింది. అడుగు పొర కింద పరిచి, పైన చేత్తో తడిమి చూసుకుంది. ఆ తర్వాత ఆమె చేసింది మాత్రం మామూలు సాహసం కాదు. సీటు కింద మర వదులు చేసి, సీటును ఒక పిసరు దించి, మళ్లీ బిగించి, బ్రహ్మ చెప్పినా మారని ఆ చాక్ గీతను తడిగుడ్డతో తుడిచేసి, కొత్త చోట అచ్చం అట్లాంటిదే గీసింది. గీస్తున్నంతసేపూ ఒక చెవి ఆయన గుర్రు వైపే పెట్టింది.

ఆదివారం వెనకాల పోతూ ఆయన నడుం వైపు కళ్లార్పకుండా చూసింది. తుంటి జారలేదు. రెండు కాళ్లూ ఒకే తీరుగా తిరుగుతున్నాయి. రోడ్డు మీద ఎవరూ చూడటంలేదని రూఢి చేసుకుని స్కూటీ మీదే చిన్నపిల్లలా కాళ్లాడించింది. ఇంటికొచ్చి వెంకటరమణప్ప, "ఈ పొద్దు గాలి మంచిగా ఉండెమే" అన్నాడు.

"అవునప్పా, మంచి గాలి" అంది సత్యభామ.

మదనపల్లె రోజు ఆమె టెంపోలో డ్రైవరు పక్కన కూర్చుంది. చింతామణిలో గుంపంతా ఇడ్లీలకు ఆగింది. వెంకటరమణప్ప సైకిల్ దిగి, నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె టెంపో తలుపు సగం తెరిచింది. ఆయన ఆ చేత్తో నడుము పట్టుకోలేదు, నిక్కరు పైకి లాక్కుని ఇడ్లీలకేసి నడిచాడు. తిని, చేతులు కడుక్కుని, అందరికంటే ముందు సైకిలెక్కి, "ఏమప్పా, ఇంకా కూర్చోనుండారే!" అని కుర్రవాళ్లను కసిరాడు. రాయల్పాడు దాటి ఆంధ్రలో అడుగుపెట్టాక ఎత్తుపల్లాలు వచ్చాయి. ఎత్తుల్లో ఆయన ముఖం ఎర్రబడింది, పల్లాల్లో చొక్కా గాలికి బూరలా ఉబ్బింది, అయినా మధ్యలో దిగలేదు. ఊరు కనబడే వంపులో సత్యభామకు కళ్లు మసకబారాయి. పెళ్లికొడుకుగా వచ్చినప్పుడు కూడా ఆ మనిషి ఆమె కంటికి అంత అందంగా కనబడలేదు.

మునినారాయణప్ప వీధి మొదట్లోనే పూలమాలతో కాచుకున్నాడు. వెంకటరమణప్ప మెడ వంచి మాల వేయించుకుని, "కొలత, మునినారాయణప్పా, కొలత! నేను పెట్టిన కొలత తప్పేదెట్ల?" అన్నాడు. వర్షిణి సత్యభామ వైపు చూసింది. సత్యభామ ఆకాశం వైపు చూసింది.

గుమ్మంలో అందరూ చెప్పులు విడిచి లోపలికి పోయారు. వెంకటరమణప్ప మాత్రం ఎడమ బూటులో ఇసుక పడిందంటూ మెట్టు మీద కూర్చుని దులుపుతున్నాడు. మంచినీళ్ల చెంబుతో వచ్చిన సత్యభామ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయన చేతిలో బూటు ఉంది, వేళ్లు లోపల ఉన్నాయి. దులపడం ఆగిపోయింది. ఆయన బూటు పక్కన పెట్టి, చెంబు అందుకుని నీళ్లు తాగి, "ఆకలేస్తాండాదిమే" అని లోపలికి నడిచాడు. కోడి కూర మూడోసారి కూడా అడిగి వేయించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మునినారాయణప్ప అక్కకు చీర, బావకు ప్యాంటు గుడ్డ పెట్టాడు. వారం తిరక్కుండానే వెంకటరమణప్ప ఆ గుడ్డ కత్తిరించి కుట్టాడు. ఆ వారమంతా ఆయన బూటు మాటే ఎత్తలేదు. తనకు అలా అనిపించిందేమోలే అని సత్యభామ మనసు కుదుటపడుతుండగా, ఆయన ప్యాంటును ఎప్పటిలాగే మడత కోసం ఆమె ఒళ్లో వేసి మిషను దగ్గరికి పోయాడు.

ఆమె సూదిలో దారం ఎక్కించి, కాళ్లు రెండూ పరిచింది. మడత ఎక్కడ వేయాలో ఆయన ఏనాడూ గీసి ఇచ్చింది లేదు, అది ఆమె పని. ఈసారి రెండు కాళ్ల మీదా తెల్లటి చాక్ గీతలున్నాయి. కుడి గీత కంటే ఎడమ గీత అర వేలు పైకి ఉంది.

సత్యభామ తలెత్తలేదు. "ఏందప్పా ఇది?" అంది.

"నువ్వు యాడ మడిచేదో అక్కడే గీసినా. ఈ వయసులో నీ కండ్లకు అగసాట్లెందుకని" అన్నాడు ఆయన, అటు తిరిగే. మిషను తొక్కుతూనే, "బూటు కంపెనీవాడు ఎవడూ లోపల బక్రం పెట్టడుమే. ఆ కుట్టు ఎవరిదో నాకు తెల్దా? పాత ప్యాంట్లన్నీ దించి చూసుకుంటి" అన్నాడు.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "బాధపడినావా?"

మిషను ఆగింది. "ఇన్నేండ్లు తొడుక్కున్నోడికే తెల్లేదంటే, పని బాగుండాది" అన్నాడు వెంకటరమణప్ప. ఆయన నోట ఇంకొకరి కుట్టు బాగుందన్న మాట ఆమె వినడం అదే మొదలు. అంతలోనే గొంతు మార్చి, "సీటు గీత కూడా నువ్వే గీసినావు కదా? వంకరగా గీసినావు" అన్నాడు.

సత్యభామ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతుండగానే ఆమెకొక అనుమానం వచ్చింది. పెళ్లయిన నాటినుంచీ తన రవికెలన్నీ ఆయనే కుట్టాడు. బయట ఎవరి దగ్గరా కుట్టించుకోనివ్వడు.

"అవునప్పా" అంది మెల్లగా, "మరి నాకేమన్నా వంకరుండాదా?"

వెంకటరమణప్ప కాళ్లు గబగబా మిషను తొక్కడం మొదలుపెట్టాయి. "నీకేమిమే" అన్నాడు తల తిప్పకుండా, "గీత గీసినట్టుండావు."

ఆమె చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది. అక్కడ రవికె కుట్టు కింద కాస్త మందంగా తగిలింది. ఇన్నాళ్లూ అది మామూలు కుట్టే అనుకుంది. లోపలికి వేలు పెట్టి చూడబోయి, ఆగి, చెయ్యి దించేసింది. ప్యాంటు ఒళ్లోకి లాక్కుని, ఆయన గీసిన గీత దగ్గర ఎడమ కాలు మడత వేయడం మొదలుపెట్టింది.